చవకలో పగ: తయారు చేయు విధానం

కావలసినవి: ఒక పగ, రెండు కాళ్లు, పాడుబడ్డ గోడౌను ఒకటి, కిందపడడానికి ఖాళీ అట్టపెట్టెలు ఓ యాభై. హీరో చొక్కా ఖర్చు లెక్కలోకి రాదు, ఎటూ ఇంటర్వెల్ లోపలే చిరిగిపోతుంది. హీరోయిన్ ఉంటే సంతోషం, లేకుంటే చెల్లెలితో సర్దుకోవచ్చు. కథ అంటారా, ఉప్పులాగా రుచికి సరిపడా.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల కరాటే సినిమా తీద్దామని నడుం కట్టిన తమ్ముళ్ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను సినిమా తీసినవాణ్ని కాను. నేల టికెట్టు కొని, మసాలా బొరుగులు నములుతూ చూసినవాణ్ని. తీసినవాళ్లకంటే చూసినవాళ్లకే ఎక్కువ తెలుసునన్నది మన దేశంలో అందరూ ఎప్పుడో ఒప్పేసుకున్న సంగతే గదా.

ముందు పగ సంపాదించాలి. అది మార్కెట్లో దొరికే సరుకా అనుకోవద్దు. మదనపల్లె టమాటా మార్కెట్టుకు తెల్లారేసరికల్లా వెళ్లి నిలబడండి. బాక్సులు దించి, వేలంలో తన సరుకు ధర విని, నోరెత్తకుండా భుజం మీది తువ్వాలు దులుపుకుని బస్టాండు దారి పట్టే రైతు ఒకాయన కనిపిస్తాడు. ఆయన ముఖాన్ని ఒక నిమిషం పాటు కెమెరా కదపకుండా చూపించండి. ఇంకేమీ చెప్పనక్కర్లేదు. అంతా అయ్యాక ఎవణ్నో ఒకణ్ని తంతే చాలు, ఎవణ్ని తన్నినా జనం ఈలలేస్తారు.

ఇక్కడే చాలామంది తమ్ముళ్లు తప్పు చేస్తారు. టైటిల్స్ పడీ పడకముందే ఫైటు పెట్టేస్తారు. పగ సినిమాలో అసలు విద్య తన్నడం కాదు నాయనా, తన్నకపోవడం. బ్రూస్‌లీకి పేరు తెచ్చిన 'ది బిగ్ బాస్' 1971లో వచ్చింది. లక్ష డాలర్ల ఖర్చు, హాలీవుడ్ లెక్కలో చిల్లర. తీసింది కూడా హాంకాంగ్‌లో కాదు, థాయ్‌లాండ్‌లో పాక్‌చాంగ్ అనే ఊళ్లో. కథ ఐసు ఫ్యాక్టరీ కూలీలది. యజమాని ఐసు దిమ్మల్లో మత్తుమందు దాచి అమ్ముతుంటాడు, అది కంటపడిన కూలీ మర్నాటికి కనిపించడు. హీరో మాత్రం ఇక కొట్లాటల జోలికి పోనని తల్లికి మాటిచ్చి వచ్చాడు. దానికి గుర్తుగా మెడలో ఒక లాకెట్టు. కళ్లముందు అన్యాయం జరుగుతుంటే పిడికిలి బిగిస్తాడు, లాకెట్టు తడుముకుంటాడు, పిడికిలి వదిలేస్తాడు. మళ్లీ బిగిస్తాడు, మళ్లీ వదిలేస్తాడు. ప్రపంచంలోకెల్లా వేగంగా కాలు విసిరే మనిషిని తెచ్చి ఇంతసేపు ఊరికే నిలబెట్టడమా అని నేలలో ఉన్నవాడు పళ్లు కొరుకుతుంటాడు. చివరికి ఎవడో ఆ లాకెట్టు తెంపుతాడు. అప్పటికి పగ హీరోది కాదు, టికెట్టు కొన్నవాడిది.

అమ్మకిచ్చిన మాట, మెళ్లో లాకెట్టు! అది చైనా సినిమా అని ఎవరన్నారసలు?

పగకు కారణాలు వెతుక్కునే శ్రమ మీకు లేదు, పాతవాళ్లు అన్నీ వాడేశారు. గురువు చావు 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ'కి (1972) పోయింది. చెల్లెలి చావు 'ఎంటర్ ది డ్రాగన్' (1973) పట్టుకుపోయింది. అన్నను మంచాన పడేసిన వాడి మీద పగ 'కిక్‌బాక్సర్'కు (1989) దక్కింది. అమ్మానాన్నలను పిల్లవాడి కళ్లముందే చంపడం మన తెలుగువాళ్ల సొంత ఆస్తి, దాన్ని ఎవరూ ముట్టుకోలేరు. ఇక మీకు మిగిలింది బావమరిది ఒక్కడే. బావమరిది కోసం ప్రాణాలకు తెగించాడంటే జనం నమ్మరు, వదిలేయండి.

ఆడపిల్లతో తన్నిస్తే కొత్తగా ఉంటుంది గదా అని ఎవరైనా సలహా ఇస్తే వినయంగా తలాడించండి. కె.ఎస్.ఆర్. దాస్ విజయలలితను పెట్టి 'రౌడీ రాణి' తీసింది 1970లో. బ్రూస్‌లీ లాకెట్టు అప్పటికి ఇంకా తయారు కూడా కాలేదు. విజయశాంతి 'కర్తవ్యం'లో (1990) తన్నిన తన్నులకు ఏకంగా జాతీయ ఉత్తమ నటి అవార్డే వచ్చింది. కొత్త అనేది ఈ వ్యాపారంలో లేదు. ఉండకూడదు కూడా.

పగ దొరికాక శిక్షణ. దీనికి హార్స్‌లీ హిల్స్ ఉంది. దొరగారు వచ్చి బంగళా కట్టుకోకముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. నాలుగు వేల అడుగులు పైచిలుకు ఎత్తు, చల్లగాలి, యూకలిప్టస్ చెట్లు, షావొలిన్ మఠానికి ఏం తక్కువ? హీరో భుజాన కావడి పెట్టి రెండు బిందెల నీళ్లతో కొండెక్కించండి. వెనకాల పైకొచ్చే బస్సు మాత్రం ఫ్రేములో పడనీయొద్దు. బస్సు కనిపించిందంటే జనానికి వెంటనే అనుమానం వస్తుంది, వీడికి టికెట్టు డబ్బుల్లేవా అని.

శిక్షణను త్వరగా తేల్చేయొద్దు. 1978లో వచ్చిన 'షావొలిన్ 36వ గది' సినిమాలో పగ ఒక వంతయితే, నీళ్లు మోయడం, తలతో ఇసుక బస్తాలు గుద్దడం రెండు వంతులు. అయినా ఎవరూ లేచిపోలేదు. ఎందుకో నాకు చాలా ఏళ్లకు అర్థమైంది. పెద్ద బడ్జెట్ హీరోకు పుట్టుకతోనే అన్నీ ఉంటాయి. వంశం, తొడ, మీసం, ఎర్రటి కళ్లు, వెనకాల ఇరవై సుమోలు. ఈ చవక హీరోకు తాత ఎవరో తెలియదు, నీళ్లు మోసి మోసి సంపాదించుకున్న భుజాలు తప్ప వాడికి వేరే ఆస్తి లేదు. పట్టుగూళ్ల బుట్ట మోసే కుర్రాడు, నీరుగట్టువారిపల్లెలో రోజంతా మగ్గం గుంటలో కాలు ఆడించే కుర్రాడు వాణ్ని చూసి, ఆ పని మనమూ చేస్తున్నాం గదా, మనకెందుకు రాదు అనుకుంటారు. రాదనుకోండి. కానీ ఆ రాత్రికి వచ్చినట్టే ఉంటుంది.

నాకూ వచ్చినట్టే ఉండింది. సుమన్, భానుచందర్ పోస్టర్లలో కాళ్లు గాల్లోకి లేపి నిలబడిన కాలం అది. ఇద్దరూ నిజంగా కరాటే నేర్చినవాళ్లే కాబట్టి ఆ కాలు ఎవరో పట్టుకుని లేపినట్టు ఉండేది కాదు. ఊరూరా బడి ఆవరణల్లో సాయంత్రం పూట కరాటే క్లాసులు వెలిశాయి. నేనూ చేరాను. పసుపు బెల్టు పరీక్ష రోజు బంగళా పెంకు పగలగొట్టాలన్నారు. మా మాస్టరు దయామయుడు, పెంకులకు ముందే సన్నగా గీత పెట్టి ఉంచేవాడు. నా ముందు నిలబడిన అబ్బాయి దెబ్బకు పెంకు అప్పడంలా విరిగింది. నా వంతుకు గీత పెట్టిన పెంకులు అయిపోయాయి. నెల రోజులు ఎడమచేత్తో సంగటి తిన్నాను. మీ హీరో దెబ్బలు నిజంగా ఉండాలని పట్టుబట్టే ముందు ఈ విషయం ఒకసారి తలుచుకోండి.

రక్తం సంగతి. దీనికి మదనపల్లెను మించిన ఊరు దేశంలో లేదు, కాకపోతే నెల చూసుకుని షూటింగ్ పెట్టుకోవాలి. రేటు పడిపోయి రైతులు టమాటాలు రోడ్డు పక్కన పారబోసిన రోజుల్లో మీ విలన్‌కు తొట్టెడు రక్తం కక్కించొచ్చు, పైసా ఖర్చు లేదు. అదే 2023 జూలైలాంటి నెల వచ్చిందో, ఇదే మార్కెట్టులో కిలో రెండు వందల దరిదాపుల్లో పలికింది. అప్పుడు రక్తపాతం సీన్లన్నీ తీసేసి, విలన్‌ను మందలించి వదిలేయడం మేలు.

పుంగనూరుకు ఆవు కోసం వెళ్లాలి. మూడడుగుల ఎత్తు ఉండే ఆ పొట్టి ఆవు పక్కన నిలబెడితే ఐదడుగుల రెండంగుళాల హీరో కూడా ఆజానుబాహుడైపోతాడు. కెమెరా కిటుకులు, గ్రాఫిక్సు ఏవీ అక్కర్లేదు. ఒకప్పుడయితే ఇది చవక ఉపాయమే. ఇప్పుడు లక్షలు పెట్టి కొంటున్నారు, 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో వీటికి మేత పెట్టిన ఫొటోలు దేశమంతా చూసింది. ఆవు డేట్స్ దొరకడం కష్టం. దొరికినా పారితోషికం హీరోకంటే జాస్తి.

కుప్పంలో మాటల గొడవ తీరిపోతుంది. ఒక పక్క తమిళనాడు, ఒక పక్క కర్ణాటక. గూండాల వేషానికి పదిమందిని పిలిస్తే నలుగురు తెలుగులో, నలుగురు తమిళంలో, ఇద్దరు కన్నడంలో తిడతారు, ఒక్కోసారి ఒకే తిట్టులో మూడూ ఉంటాయి. కంగారుపడొద్దు. హాంకాంగ్ వాళ్లు దశాబ్దాల పాటు సెట్లో గొంతు రికార్డు చేయకుండానే తీసి, తర్వాత తీరిగ్గా డబ్బింగ్ చెప్పించుకున్నారు. పెదాలకూ మాటలకూ పొంతన ఉండకపోవడం ఈ సినిమాల్లో తప్పు కాదు, సంప్రదాయం. చప్పుడు మాత్రం పెదాలకు కాదు, చేతికి కలవాలి. తడిగుడ్డను బండకేసి కొట్టి రికార్డు చేయండి. 'ఢిష్యుం' అన్న మాటను నోటితో పలికి పెరిగిన జాతి మనది, చెవిలో చప్పుడు సరిగ్గా పడితే కాలు అరగజం దూరంలో ఆగిపోయినా పట్టించుకోరు.

గూండాలు ఒక్కొక్కరే రావాలి. మిగతావాళ్లు చుట్టూ తిరుగుతూ తమ వంతుకోసం చూస్తుండాలి. ఇదేం లాజిక్ అని పట్నంలో చదువుకొచ్చిన మేనల్లుడు అడుగుతాడు. అందరూ ఒకేసారి మీద పడితే దాన్ని పద్మవ్యూహం అంటార్రా, అందులో హీరో చచ్చిపోతాడు అని చెప్పండి.

ఇంత చవకగా తీస్తే నవ్వుతారేమో అన్న భయం వద్దు. నెల్లూరు కుర్రాళ్లు సెల్‌ఫోను పట్టుకుని మహేశ్‌బాబు ఫైటును ఉన్నదున్నట్టు దింపేస్తే లక్షలమంది చూశారు. నవ్వారు కూడా, కానీ నవ్వుతూనే రెండోసారి చూశారు. డబ్బున్న సినిమాలో మనిషి గాల్లోకి లేస్తే తాడు గుర్తొస్తుంది. తాడుకు డబ్బుల్లేని సినిమాలో ఎవడైనా మిద్దె మీంచి దూకాడంటే అయ్యో వీడికేమన్నా అయ్యుంటుందే అని మన గుండె ఒకసారి ఆగుతుంది. ఆ ఆగడానికే టికెట్టు.

మదనపల్లెలో ఇంకొక చిక్కు ఉంది, చెప్పకపోతే మోసం చేసినవాణ్నవుతాను. జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది ఈ ఊళ్లోనే, 1895లో. మనసుకు తగిలిన గాయాన్ని మోసుకు తిరగడమెందుకని ఆయన బతుకంతా దేశదేశాలూ తిరిగి అడిగాడు. ఆయన మాట విని ఉంటే మన నిర్మాతలు సగంమంది వేరే వ్యాపారాలు చూసుకోవాల్సి వచ్చేది. అందుకని స్క్రిప్టు చర్చలు ఆయన బడి ఉన్న ఋషివ్యాలీ వైపు పెట్టుకోవద్దు.

చివరగా క్లైమాక్సు. ఇక్కడ నా సలహాలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. మీరు ఏం తీసినా మన వైపు పల్లెల్లో ఏటేటా జరిగే క్లైమాక్సు ముందు నిలవదు. ధర్మరాజుల గుడి దగ్గర భారతం పెడతారు గదా. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, అలా రోజులకు రోజులు. ఆఖరి రోజు పొద్దున భారతం మిట్ట మీద మట్టితో దుర్యోధనుణ్ని పడుకోబెడతారు, తాటిచెట్టంత పొడుగున, కోరమీసాలతో, కళ్లు తెరిచి ఆకాశంలోకి చూస్తూ. దుర్యోధనుడి వేషగాడు ఆ మట్టి ఒంటి మీద అటూ ఇటూ పరుగులు పెడతాడు. భీముడు గద తిప్పుతూ వెంటపడతాడు. జనం మిద్దెల మీద, చెట్ల మీద. తొడ పగులుతుంది, ఎర్రనీళ్లు చిమ్ముతాయి. ద్రౌపది ఆ ఎరుపు తలకు రాసుకుని, విరబోసుకున్న జుట్టును అప్పుడు ముడేస్తుంది. సాయంత్రం అగ్నిగుండం.

ఖర్చు లెక్కేయండి. మట్టి, ముగ్గు, రంగునీళ్లు. కథ అందరికీ తెలిసిందే, క్లైమాక్సు కొన్ని వందల ఏళ్లుగా లీకై ఉంది. అయినా ఆ ముడి వేసే క్షణానికి నా పక్కన నిలబడిన ముసలమ్మ ప్రతిసారీ తన కొప్పు సవరించుకుంటుంది. సభలో జుట్టు పట్టి ఈడ్చిన నాడే భీముడు గద ఎత్తి ఉంటే ఈ పద్దెనిమిది రోజుల యుద్ధమూ లేదు, మిట్టా లేదు. ఆపింది ధర్మరాజు. పదమూడేళ్ల పాటు భీముడి మెళ్లో వేలాడిన లాకెట్టు అన్నగారి మాటే. కొట్టినవాడు భీముడు, శపథం ద్రౌపదిది, గుడి మాత్రం ధర్మరాజు పేరు మీద కట్టారు. బ్రూస్‌లీ సినిమాకు కథ రాసినవాళ్లు ఇటువైపు ఎప్పుడూ వచ్చి ఉండరు. వచ్చుంటే లాకెట్టు ఎవరిదో ఇట్టే గుర్తుపట్టేవాళ్లు.

కాబట్టి కెమెరా కొనే ముందు ఈ ఎండాకాలం ఏదో ఒక ఊరి భారతానికి వెళ్లి రండి. దుర్యోధన వధ రోజు ఎండెక్కకముందే చేరుకోండి, మిద్దె మీద చోటు ముందే చెప్పి పెట్టుకోండి, గొడుగు మర్చిపోవద్దు. భీముడి వెనకాల మాత్రం నిలబడొద్దు. ఆ గద చెక్కదే గానీ, పూనకమొచ్చాక ఆయన వెనక్కి చూసుకోడు.