బరకం తీశాక

నేను అంబాసిడర్ మార్క్ టూని. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో, హుగ్లీ ఒడ్డున పుట్టాను. కాపురం మాత్రం అమలాపురంలో. తడిగాలి నాకు కొత్త కాదు గానీ కోనసీమ గాలిలో ఉప్పు కూడా ఉంటుంది. మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ మా డ్రైవరు ముందు నా అడుగుభాగం కడిగేవాడు. "పైన మెరిస్తే ఏం లాభమండీ అయ్యగారూ, తుప్పు కిందనుంచే ఎక్కుద్దండీ" అనేవాడు.

నీళ్ళ విషయంలో అతనికి పట్టింపు ఎక్కువ. వేసవిలో కాలువలు కట్టేస్తే బోరు నీళ్ళే గతి. ఎండలో కడిగితే అవి ఆరి ఒంటినిండా తెల్ల మచ్చలు తేలేవి. అందుకని పొద్దెక్కకముందే కడిగి వెంటనే తుడిచేసేవాడు. వరదలప్పుడు కాలువలో ఎర్రనీళ్ళు వస్తాయి. ఆ ఒండ్రుతో రుద్దితే రంగు మీద సన్నటి గీతలు పడతాయి. తొట్టిలో పట్టి ఉంచి, పైతేట మాత్రమే వాడేవాడు.

పెళ్ళిళ్ళ సీజను వస్తే నాకు హడలు. బానెట్ మీద బంతిపూల దండలు, వాటిని పట్టి ఉంచడానికి గమ్ టేపు. ఎండకి జిగురు కరిగి పట్టేస్తుంది, పీకితే రంగు కూడా ఊడొస్తుంది. దసరాకి కుంకుమ, కొబ్బరినీళ్ళు. భక్తికి అడ్డు చెప్పను గానీ, బొట్టు అద్దం మీద పెట్టినా దేవుడు కాదనడు కదా!

1996 నవంబరు తుపానుకి కొబ్బరిచెట్టు విరిగి షెడ్డు మీద పడింది. నా టాపు సొట్టపోయింది. టింకరింగ్ చేసి, లప్పం దట్టంగా పెట్టి రంగు వేశారు. రంగు పగిలితే లప్పం తడి పీల్చుకుంటుంది. తరవాత అక్కడే పొక్కులు లేచాయి.

అయ్యగారు పోయాక, డ్రైవరు కూడా మానేశాక, ధాన్యం మీద కప్పే ప్లాస్టిక్ బరకం నామీద కప్పారు. ప్రేమతోనే. కానీ నేల తడి ఆవిరై పైకొచ్చి, బయటికి పోయే దారి లేక నా ఒంటికే పట్టింది. రెగ్జిన్‌కి బూజు, సీట్ల పీచుకి ముక్క వాసన, వైర్లకి ఎలుకలు. రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం తొక్కుతూ తిరిగిన రోజుల్లో పట్టిన ఊకా దుమ్మూ తలుపుల అడుగున నీరు పోయే కన్నాల్లో బిగుసుకుపోయి ఉన్నాయి. తుప్పు తలుపుల్ని లోపలినుంచి తినేసింది. ఎండా వానా నన్ను ఇంత పాడుచెయ్యలేదు.

ఆ బరకం తీసింది అయ్యగారి మనవరాలు. నీడలో నిలబెట్టి నాలుగు తలుపులూ బార్లా తెరిచింది. రబ్బరు మ్యాట్లు ఎత్తితే కింద గోనెపట్టా ఇంకా చెమ్మగానే ఉంది, తీసి ఆరబెట్టింది. గొడుగు ఊచతో కన్నాలు పొడిచింది. మామిడిచెట్టు కింద పెట్టబోతే నేనే అరిచేవాణ్ణి, పూతకాలంలో జిగురు కారుతుందని. పిల్ల తెలివైంది, తనే మానుకుంది. ఇప్పుడు పాత దుప్పట్లు కుట్టిన ముసుగు. నెలకోసారి మైనం పాలిష్. వారానికోసారి రావులపాలెం దాకా షికారు.

రాజమండ్రి మెకానిక్ ఒకాయన మొత్తం గీకేసి మెటాలిక్ రంగు కొట్టిద్దామన్నాడు. గట్టిగా ఉన్న పాత రంగు గీకడం దేనికండీ, తుప్పు పట్టినచోటే చెయ్యండి అంది. మా ఫ్యాక్టరీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి వెనక తలుపుకి సరిపడే బీడింగు దొరకడం కష్టంగా ఉంది. అది దొరికేదాకా వానలో బయటికి తియ్యదట. శ్రావణంలో పెళ్ళికి అడగడానికి వచ్చినవాళ్ళకీ అదే చెప్పింది. టేపు సంగతి విడిగా చెప్పింది.