ఇంకా నయం బాబాయి

బెజవాడలో ఇలాంటి మనిషి పేటకొకడు ఉంటాడు. కృష్ణలంకలో ఒకడు, సత్యనారాయణపురంలో ఒకడు, వన్‌టౌన్ కొండ మీది ఇళ్ళలో ఇద్దరు ముగ్గురు. మెట్లెక్కి దిగేవాళ్ళకి మోకాళ్ళు ముందే పోతాయి గనక అక్కడ పంట ఎక్కువ. నాకు బాగా తెలిసినాయన మాత్రం సింగ్ నగర్‌లో ఉంటాడు. వరసకి బాబాయి. ఆర్టీసీలో కండక్టరుగా చేసి 2016లో దిగిపోయాడు. పెట్టిన పేరొకటి ఉన్నా పేటలో ఎవరికీ గుర్తులేదు. పిలిచేది పైన శీర్షికలో ఉన్న పేరుతోనే.

ముందు ఒళ్ళు సంగతి చెప్పాలి. ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ దాకా నిలబడి టిక్కెట్లు కొట్టిన కాళ్ళు అవి. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. పిక్కల మీద నరాలు ఉబ్బి, మెలికలు తిరిగి, దివిసీమ మ్యాపులో పంట కాలవల్లా కనిపిస్తాయి. సుగరుంది. ఎడమ చెవి సగం పోయింది. ఒక కంట్లో శుక్లం తీశారు, రెండోది ముదరాలట. ఇన్ని ఉన్న మనిషిని పలకరిస్తే గంటసేపు కూర్చోబెట్టి ఎక్స్‌రేలు చూపిస్తాడని మీరనుకుంటారు. అదేం ఉండదు.

"మోకాళ్ళు రెండూ ఒకేసారి పోయాయిరా అబ్బాయ్, ఇంకా నయం. ఒకటే పోతే కుంటుతున్నాడంటారు. రెండూ పోతే నెమ్మదస్తుడంటారు."

చెవి గురించి అడిగితే, మీ పిన్ని ఎటు కూర్చున్నా నేను ఇటు తిరిగి కూర్చుంటానంటాడు. వంటింట్లోంచి పిన్ని వెంటనే అందుకుంటుంది. "ఆ రెండో చెవి మాత్రం ఏనాడు విన్నదిరా?"

డబ్బు విషయంలోనూ ఇదే వరస. 2020 జనవరి 1న ఆర్టీసీ వాళ్ళని ప్రభుత్వంలో కలిపేశారు. ఈయన అప్పటికే ఇంట్లో కూర్చున్నాడు. చేతికొచ్చేది పీఎఫ్ పింఛను, అది మందుల షాపు దాకా వెళ్ళి అక్కడే ఆగిపోతుంది. "ఇంకా నయం. ఇంతకంటే ఎక్కువొస్తే అల్లుళ్ళ కన్ను పడేది." అదే ఏడాది మార్చిలో రైళ్ళలో ముసలివాళ్ళ రాయితీ ఎత్తేశారు. పెద్దవాళ్ళందరూ తిట్టుకుంటే ఈయన లోపల్లోపల సంతోషించాడని నా అనుమానం. రాయితీ ఉన్నన్నాళ్ళూ పిన్ని కాశీ అంటూ ఉండేది మరి. బస్సులో అరవై దాటినవాళ్ళకి పాతిక శాతం తగ్గింపు ఇంకా ఉంది. ఎక్కడానికి మెట్టు అందదు, అది వేరే సంగతి.

ఇక ఎండలు. రోళ్ళు పగిలే రోహిణీకార్తెలో, కరెంటు పోయి ఫ్యాను ఆగితే, పేటంతా గుమ్మాల్లోకొచ్చి విసనకర్రలు ఊపుకుంటూ బెజవాడలో పుట్టినందుకు తమని తాము తిట్టుకుంటారు. ఈయన తడిగుడ్డ నెత్తిన వేసుకుని తాపీగా, "రెంటచింతలలో మనకంటే రెండు డిగ్రీలు ఎక్కువట" అంటాడు. పాపం రెంటచింతల. ఆ ఊరివాళ్ళకి తెలియదు గాని, వాళ్ళు కాగుతున్నందుకు ప్రతి వేసవిలోనూ సింగ్ నగర్‌లో ఒకాయన చల్లబడుతుంటాడు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. తన నొప్పికి తను కట్టుకున్న కట్టు, ఎవరికి అభ్యంతరం? చిక్కల్లా ఆయన ఆస్పత్రికి పరామర్శకి వెళ్ళినప్పుడు వస్తుంది. కాలు విరిగినవాడి మంచం పక్కన కూర్చుని, "కాలేగా, ఇంకా నయం. చెయ్యి విరిగితే ముద్ద ఎవరు పెడతారు?" అంటాడు. మరో వార్డులో చెయ్యి విరిగినవాడితో, "చెయ్యేగా, కాలయితే దొడ్డికెలా వెళ్ళేవాడివి?" అంటాడు. ఒకసారి స్కూటరు మీంచి పడి కాలూ చెయ్యీ రెండూ విరగ్గొట్టుకున్న కుర్రాడు దొరికాడు. బాబాయి కాసేపు పైకి చూశాడు, కిందికి చూశాడు, కిటికీలోంచి బయటికి చూశాడు. మేమందరం ఇవాళ్టితో అయిపోయిందనుకున్నాం. చివరికి, "ఇంకా నయంరా, సంక్రాంతి ముందు పడ్డావు. ఈ పిండికట్లతో మే నెలలో చెమటకి దురద పుడితే ఎటు గోక్కుంటావు?" అన్నాడు. ఆ కుర్రాడు నవ్వాడు. వాళ్ళమ్మ మాత్రం నవ్వలేదు.

ఆ తల్లి పక్షమే నాదీనూ. ఎదుటివాడి నొప్పికి మనం తగ్గింపు ధర కట్టకూడదు. పైగా ఇలాంటి పౌరులు ఊరినిండా ఉంటే మురిక్కాలవ పూడిక తీయించాల్సినవాళ్ళు కాళ్ళు చాపుకుని పడుకుంటారు. నీళ్ళు వీధిలోకొస్తే ఇంట్లోకి రాలేదు నయం, ఇంట్లోకొస్తే మంచం మీదికి రాలేదు నయం. ఈ లెక్కన అర్జీ పెట్టే రోజు ఎప్పటికి వస్తుంది?

అయితే ఆయన గుమ్మంలో సాయంత్రమయ్యేసరికి నలుగురు చేరతారు. తన రోగాలు చదివే ముసలాయన ఇంటికి ఆ నలుగురూ రారు. "అయ్యో పాపం" అనేవాళ్ళ ముందు కూర్చోవడం ఎంత నరకమో రోగికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. వచ్చినవాడు జాలిపడదామని నోరు తెరిచేలోపే ఈయన ఆ మాట అనేస్తాడు. వచ్చినవాడికి ఇక జాలిపడే పని ఉండదు, కాఫీ తాగి కబుర్లు చెప్పడమే.

ఈ కొలత ఆయనకి ఎక్కడిదో ఒకసారి మాటల్లో తెలిసింది. పుట్టింది దివిసీమలో. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిన రాత్రికి పందొమ్మిదేళ్ళవాడు. వేల మందిని సముద్రం తీసుకుపోయిన రాత్రి అది. ఏం జరిగిందో చెప్పడు. ఎన్నిసార్లు కదిపినా "తాడిచెట్టు గట్టిదిరా" అని మాట మార్చేస్తాడు. ఆ తర్వాత వచ్చిన కష్టాలన్నిటినీ ఆ చెట్టు పక్కన నిలబెట్టి చూస్తాడు కాబోలు, ఏదీ దాని మొదలుకి కూడా రాదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వచ్చింది. మళ్ళింపు కాలవకి గండ్లు పడి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. బాబాయిని ఇద్దరు కుర్రాళ్ళు రెక్కలు పట్టుకుని డాబా మీదికి ఎక్కించారు. కింద ఇల్లు మెడలోతు నీళ్ళలో ఉంది. డాబా మీద పిట్టగోడకి ఆనుకుని ఆయన అన్న మొదటి మాట, "ఇంకా నయం, ఇవి ఉప్పునీళ్ళు కావు. ఆరబెడితే ఆరతాయి."

పిన్ని కిందికి తొంగిచూసింది. "ఉప్పొక్కటే లేదండీ. మిగతావన్నీ ఉన్నాయి."

ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోతున్నాయని, కట్టినప్పటినుంచీ ఇంత వరద ఎన్నడూ లేదని, పైనుంచి కొట్టుకొచ్చిన పడవలు గేట్లకి గుద్దుకున్నాయని ఎవరి ఫోన్లోనో వార్త వినిపించింది. "బ్యారేజీ నిలబడిందిగా!" అన్నాడు. డ్రోన్ వచ్చి పులిహోర పొట్లాలు పడేసి పోతే, "కొండ మీద ప్రసాదానికి ఎంత క్యూ కట్టాలి? ఇక్కడ మన దగ్గరికే దిగొస్తోంది" అన్నాడు. పొట్లం అప్పటికే కొంచెం వాసనొస్తోంది. అందుకు కూడా ఏదో అన్నాడు గాని పిన్ని చూసిన చూపుకి సగంలో మింగేశాడు.

నీళ్ళు తీశాక ఇంట్లో మోకాలెత్తు బురద. ఎత్తిపోసింది పిన్ని. ఆవిడకీ మోకాళ్ళున్నాయి, అవీ అరిగాయి. ఆ సంగతి ఆ ఇంట్లో చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. ఇంకా నయం అనే తీరిక కావాలన్నా మనిషి కుర్చీలో కూర్చుని ఉండాలి.

నష్టం రాసుకోవడానికి సచివాలయం అమ్మాయి ట్యాబు పట్టుకుని వచ్చింది. కింది ఇల్లు మునిగినవాళ్ళకి 25,000, పై అంతస్తుల వాళ్ళకి 10,000 అని ప్రభుత్వం ప్రకటించింది. బాబాయి గుమ్మంలో కుర్చీలో ఉన్నాడు.

"ఏమేం పాడయ్యాయండీ?"

"ఏముందమ్మా, వెనక వీధివాళ్ళు పాపం. మాకు ఇంకా నయం."

"ఫ్రిజ్?"

"పాతదే."

"మంచం?"

"టేకుది. ఎండలో పెట్టాం."

"టీవీ?"

"నాకు సరిగ్గా కనిపించదమ్మా, ఉన్నా లేనట్టే."

ఆ అమ్మాయి వేలు ట్యాబు మీద ఎటూ కదలక ఆగిపోయింది. చీపురు చేత్తోనే పిన్ని బయటికొచ్చింది. మోచేతుల దాకా బురద.

"అమ్మాయ్, ఈయన చెప్పింది రాయకు తల్లీ. లోపలికొచ్చి, ఆ గోడ మీద గీత చూసి రాయి."

వెళ్ళి చూసింది. గీత దేవుడి పటాల దాకా ఉంది.

డబ్బు బ్యాంకులో పడ్డాక పిన్ని ముందు కొన్నది ఫ్రిజ్. దించడానికొచ్చిన కుర్రాళ్ళని బాబాయి ఆపి, దొడ్లోంచి ఇటుకలు తెప్పించి, వాటి మీద పెట్టించాడు. మళ్ళీ బుడమేరొస్తే ఎలాగట.

"నీళ్ళు మెడ దాకా వచ్చాయండీ," అంది పిన్ని. "రెండిటుకలకి ఏం ఆగుతుంది?"

"ఆగదు. రెండిటుకల మేర తక్కువ మునుగుతుంది."