రైలు రాని టేసను

మహారాజశ్రీ చిన్నాయన గారి పాదములకు సింగపూరు నుండి నమస్కరించి వ్రాయు విన్నపము. ఇచ్చట నేను క్షేమము. అచ్చట మీరును చిన్నమ్మయు కొండగట్టు అంజన్న దయవలన క్షేమమని తలంచుచున్నాను.

ఈ నగరమున ఏమేమి చూచితివని మీరు ఫోనులో అడిగినపుడు, మింటినంటు మేడలను వర్ణింతునని ఎదురుచూచుచున్న మీతో ఒక పాత రైల్వేస్టేషనును చూచి వచ్చితినని చెప్పుటకు నోరాడక, ఈ యుత్తరమునకు పూనుకొంటిని. నా గదిలోని కోరుట్ల మిత్రుడైతే "రైలే రాని టేసన్ల ఏం జూస్తవుర?" అని ముసుగు తన్ని పండుకొనెను.

దాని పేరు బుకిట్ తిమా స్టేషను. 1932లో కట్టిన పొట్టి ఇటుకల భవనము. గుర్రపుపందెముల మైదానము చేరువనే యుండుటచేత, ఆ కాలమున పందెపు గుర్రములు సైతము ఇచ్చట రైలు దిగి దర్జాగా నడచిపోయెడివట. చిత్రమేమనగా, ఊరు సింగపూరువారిదే అయినను పట్టాలును స్టేషనులును మలేషియావి. ఆ భూముల లెక్క తేల్చుకొనుటకు 1990లో ఒప్పందము వ్రాసికొనిన రెండు ప్రభుత్వములు, 2010లో గాని ఒక దరికి రాలేదు. కావున మన పడమటి చేని హద్దు తగవు ఇంకను తెగలేదని మీరు దిగులుపడవలదు. 2011 జూన్ 30 రాత్రి కడపటి రైలును మలేషియాలోని జోహోర్ సుల్తాను స్వయముగా నడుపుకొని పోయెను. అటుపిమ్మట పట్టాలు చాలవరకు పెరికి, ఆ 24 కిలోమీటర్ల దారిని నడకకు విడిచి, స్టేషనును బాగుచేసి 2022లో చిన్న ప్రదర్శనశాలగా తెరచినారు.

లోపల స్టేషనుమాష్టరు గది, టికెట్ల కిటికీ, సిగ్నళ్ల మీటలు ఉన్నవి. నన్ను మిక్కిలి ఆకర్షించినది టోకెను కథ. ఒంటిలైనుపై ఎదురెదురుగా రెండు బండ్లు రాకుండుటకై, ఆ దారికి చెందిన టోకెను చేత బడనిదే డ్రైవరు బండిని కదలింపరాదు. ఒకటి బయటనున్నంతసేపు రెండవది యంత్రము నుండి ఊడిరాదు. బీరువా తాళపుచెవి చిన్నమ్మ కొంగున నున్నంతవరకు మీయంతటివారును అందులో చేయి పెట్టజాలనట్లే యని నాకు వెంటనే బోధపడినది. వలయాకారపు పిడికి తగిలించిన ఆ టోకెనును చేతితో అందించు ఆచారము, ఇంతటి యంత్రనాగరికత గల దేశమున, 2011 వరకు ఈ స్టేషనులో సాగినది.

మన పెద్దపల్లి, కరీంనగరము, నిజామాబాదు లైనుకు పి.వి. గారు ప్రధానిగా నుండి 1993లో పునాదిరాయి వేయగా, బండి నిజామాబాదు చేరుటకు 2017 వచ్చినది గదా! అనగా ఈ సింగపూరువారు రైలును సాగనంపి ఆరేండ్లయిన పిమ్మట గాని మనవారికి ఆ దారిన రైలు పూర్తిగా దొరకలేదు. నా మట్టుకు నాకు, పోయిన రైలుకు ఇంతటి మర్యాద చేయువారిపై కొంత అసూయయే కలిగినది.

ఈ స్టేషను ప్రాంతమున గుట్టయు అడవియు కోతులును కలవు. వానిని చూచి అంజన్న పరివారమే యని చేతులు జోడించితిని గాని, సంచిలోని అరటిపండు మాత్రము తీయలేదు. ఇచ్చట కోతికి మేత పెట్టుట నేరము. మొదటి తప్పునకే అయిదువేల డాలర్ల వరకు, అనగా మన లెక్కలో మూడు లక్షల పైచిలుకు, జరిమానా! అంత పుణ్యము కొనుగోలు చేయు జీతము నాకు లేదు. కావున వచ్చు మంగళవారము గట్టెక్కినపుడు నా పేర రెండు డజన్ల అరటిపండ్లు పంచిపెట్టుడు. పైకము ఫోన్‌పేలో పంపించెదను. అయితే దర్శనమైన పిమ్మటనే సంచి విప్పవలెను. మొన్న పోయిన కండ్లజోడునకే చిన్నమ్మ ఇంకను లెక్క అడుగుచున్నదని వింటిని.

చిత్తగింపవలెను.

ఇట్లు,
మీ అన్న కొడుకు