విషయసూచికలో చుట్టాలు

మండపేటలో పుస్తకం అచ్చువేసినవాడు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. చుట్టాలు పుస్తకం చదవరు, విషయసూచిక చదువుతారు. తమ పేరుందా, ఉంటే ఎన్నో పేజీ, తోడల్లుడికంటే ముందా వెనకా, అంతే.

మా బాబాయి రైసుమిల్లు లెక్కలు రాసీ రాసీ రిటైరయ్యాక మా వంశచరిత్ర మొదలెట్టాడు. దానికి వర్డ్‌లో సూచిక చేసే పని నా నెత్తిన పడింది.

అధ్యాయాలకు హెడింగ్ వన్, వాటి కిందవాటికి టూ, త్రీ పెట్టి, రిఫరెన్సెస్‌లోకెళ్ళి నొక్కితే చుక్కలతో, పేజీ నంబర్లతో సహా సూచిక దిగుతుంది. దిగింది. తెలుగులో మాత్రం దిగలేదు. మిల్లు పేరుండాల్సిన చోట డాలరు గుర్తూ, రెండు బ్రాకెట్లూను. డీటీపీ సెంటర్లో కొట్టించింది అను ఫాంటు. అందులో తెలుగక్షరాల అడుగున ఉండేవి ఇంగ్లీషు కోడ్‌లే. శీర్షికకు ఏ ఫాంటున్నా సూచికకు టీఓసీ వన్, టూ, త్రీ అని సొంత స్టైళ్ళుంటాయి. వాటి ఫాంటు వేరేది కావడంతో అడుగున ఉన్నదంతా పైకొచ్చింది. మొత్తం పుస్తకాన్ని యూనికోడ్‌లోకి మార్చి, మండలి ఫాంటు పెట్టాకగానీ మిల్లు కనబడలేదు.

బాబాయి కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"ఏరా, మీ పెద్దమావయ్యేడీ?"

"హెడింగ్ త్రీ కదా బాబాయ్, కాస్త లోపలికుంటాడు."

"లోపలికేంట్రా? ఆయన ఊరుకుంటాడా?"

లెవెల్ దిగేకొద్దీ పేరును కుడివైపుకు జరపడం వర్డ్‌కి అలవాటు. మా వైపు పెళ్ళిలో రెండో బంతికి లెమ్మనడంతో సమానం. మోడిఫైలోకెళ్ళి టీఓసీ టూ, త్రీల ఇండెంట్ సున్నా చేసి, మావయ్యలనీ అత్తలనీ అందర్నీ ఒకే వరసలో నిలబెట్టాను.

ఆ తర్వాత ఆస్తి పంపకాల అధ్యాయం. పుస్తకంలో ఉండాలి, సూచికలో ఉండకూడదు. మా నాన్నతో సహా అన్నదమ్ములెవరూ సూచిక దాటి లోపలికెళ్ళరని బాబాయి ధైర్యం. దీనికీ దారుంది. హెడింగ్ వన్‌లాగే కనబడే స్టైలు ఇంకొకటి చేసి, సూచిక ఆప్షన్స్‌లో దాని లెవెల్ గడి ఖాళీగా వదిలెయ్యాలి. అవుట్‌లైన్ లెవెల్ కూడా బాడీ టెక్స్ట్ అనాలి, లేకపోతే అది మళ్ళీ వచ్చి సూచికలో కూర్చుంటుంది. బాబాయి మెచ్చుకుని తాపేశ్వరం కాజా చేతిలో పెట్టాడు.

ఈ పక్కనే రాజమహేంద్రవరంలో పదకొండో శతాబ్దంలో నన్నయగారు ఆదిపర్వం మొదట్లోనే పర్వాల జాబితా ఇచ్చేశారు. పద్దెనిమిది పర్వాలు చెప్పి, రాసింది రెండున్నర. పదిహేను తిక్కనగారు రాశారు, అరణ్యపర్వంలో మిగిలింది ఎర్రనగారు పూర్తిచేశారు. మూడొందల ఏళ్ళ పనిలో సూచిక మార్చాల్సిన అవసరమే రాలేదు. పేజీ నంబర్లు లేవు కాబట్టి సరిపోయింది. పైగా కౌరవులెవరూ వచ్చి మా పేరేదని అడగలేదు.

మాకా అదృష్టం లేదు. అచ్చుకిచ్చే ముందు పొలంగట్టు దగ్గర బాబాయికీ పెద్దమావయ్యకీ మాటామాటా వచ్చింది. ఇంటికొచ్చీ రాగానే బాబాయి మావయ్య మీద రాసినదంతా శీర్షికతో సహా చెరిపేసి, సూచికను అప్‌డేట్ చెయ్యమన్నాడు. పేజీ నంబర్లు మాత్రమేనా, మొత్తం పట్టికా అని వర్డ్ అడిగింది. నేను చెప్పేలోపే ఆయన మొదటిది నొక్కాడు. అలా నొక్కితే నంబర్లే మారతాయి, పేర్లు కదలవు. మావయ్య పేరు ఉన్నచోటే ఉంది. ఎదురుగా పేజీ నంబరు పోయి, బొద్దక్షరాల్లో "ఎర్రర్! బుక్‌మార్క్ నాట్ డిఫైన్డ్" అని పడింది.

మొత్తం పట్టిక మారుద్దామని నేను మౌస్ అందుకున్నాను. బాబాయి నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉంచెయ్‌రా. ఉన్నమాటే అంది."