చివరి అంకె

బడంగ్‌పేటలో మా వీధి చివర ఉండే రిటైర్డ్ లెక్కల సారు ఫోన్‌కు 2023 చివర్లో ఒక మెసేజ్ వచ్చింది. నగరంలోని ఒక బజారులో బండి పెట్టకూడని చోట పెట్టినందుకు చలాన్. జరిమానాకు తోడు 35 రూపాయల యూజర్ ఛార్జీ. ఆ రోజు సారు స్కూటర్ నాదర్‌గుల్ రోడ్డులో మెకానిక్ దగ్గర ఇంజను విప్పేసి ఉంది.

ఫొటో తెరిచి చూశాం. వెనక నుంచి తీసింది. నంబరు ప్లేటు మీద మట్టి. చివరి అంకె 3 అనుకుంటే 3, 8 అనుకుంటే 8. ఫోన్‌లో పెద్దది చేస్తే అంకె ఇంకా అలుక్కుపోయింది. సారు బండికి వెనక లైటు పగిలి, ఎర్ర టేపు అంటించి ఏళ్లయింది. ఫొటోలో లైటు కొత్తగా నిగనిగలాడుతోంది.

"కట్టి పడెయ్యండి సారూ, ఎంతని!" అన్నారు అందరూ.

"నాది కాని బండికి నేనెందుకు కట్టాలె?" అన్నారాయన.

సారు అడిగింది న్యాయం. చలాన్ తీర్పు కాదు, ఆరోపణ. ఒప్పుకుంటే మోటారు వాహనాల చట్టం 200వ సెక్షను కింద రుసుము కట్టి రాజీ చేసుకోవచ్చు. ఒప్పుకోకపోతే అప్పట్లో తేల్చాల్సింది మేజిస్ట్రేటు. అయితే సారుకొచ్చిన మెసేజ్‌లో ఎంత కట్టాలో ఉంది, ఎక్కడ కట్టాలో ఉంది. కాదనాలంటే ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఎంత ఖర్చవుతుంది అన్నది మాత్రం లేదు. ప్రభుత్వ కార్యాలయాలు తమ పని పద్ధతిని ఎవరూ అడగకముందే జనం ముందు పెట్టాలని సమాచార హక్కు చట్టం 4వ సెక్షను 2005 నుంచీ చెబుతూనే ఉంది. చలాన్ పంపిన మెసేజ్‌లోనే ఇంకో రెండు వాక్యాలు చేరిస్తే పోయేదేముంది?

ఎల్బీనగర్ కోర్టుల దగ్గర తెలిసిన వకీలును కలిశాం. ఆయన ఉన్నమాట చెప్పాడు. "జరిమానా కంటే నా ఫీజే ఎక్కువైతది సారూ. లోక్ అదాలత్‌లో అయితే కోర్టు ఫీజు ఉండదు. కాకపోతే అక్కడ రాజీ పడాలె, దాని మీద మళ్లీ అప్పీలు ఉండదు."

"నేను రాజీ కోసం రాలేదు" అని సారు లేచారు.

దారిలో పోస్టాఫీసులో పది రూపాయల పోస్టల్ ఆర్డరు కొన్నారు. ఇంటికొచ్చి తెల్లకాగితం మీద మార్జిను కొట్టి, బోర్డు మీద రాసినంత శుభ్రంగా మూడే ప్రశ్నలు రాశారు. చలాన్‌కు ఆధారమైన అసలు ఫొటో ఇవ్వండి. చలాన్‌ను కాదనాలంటే పద్ధతేమిటి, ఖర్చెంత? గత ఏడాది ఎంతమంది కాదన్నారు, అందులో ఎన్ని రద్దయ్యాయి?

సమాచార హక్కు చట్టం కింద ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఫొటో గురించి కూడా సారుకు ధైర్యం ఉంది. కెమెరా తీసిన రికార్డును చలాన్ పరిష్కారమయ్యేదాకా భద్రపరచాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021లోనే చేర్చారు. ఆ పేజీ ప్రింటు తీయించి దరఖాస్తు నకలుకు పిన్ను చేసి పెట్టుకున్నారు.

ఈలోగా డిసెంబరు ఆఖర్లో పెండింగ్ చలాన్లకు రాయితీ మొదలైంది. ద్విచక్ర వాహనాలకు 80 శాతం తగ్గింపు. 2022లోనూ ఇలాగే ఇచ్చారు, అప్పుడు 75 శాతం. ఈసారి జనవరి 10 గడువును పొడిగించారు కూడా. తప్పు చేసినవాడికి జరిమానాలో ఐదో వంతే పడింది. తప్పు చేయనివాడికీ ఐదో వంతు పడింది. సారు కట్టలేదు.

ఫిబ్రవరిలో జవాబు వచ్చింది. సారు కళ్లజోడు సవరించుకుని పైకే చదివారు.

"సదరు చలాన్‌కు సంబంధించిన మొత్తాన్ని వాహన యజమాని జనవరిలో రాయితీపై చెల్లించి రాజీ చేసుకున్నారు."

"నేనెప్పుడు కట్టిన?" అన్నారు సారు.

లోపలి నుంచి కొడుకు వచ్చాడు. "నేనే కట్టేసిన నాన్నా, ఫోన్లోనే. వంద కూడా కాలేదు. రోడ్డు మీద నిన్ను ఆపి బండి గుంజుకుంటరేమోనని..."

ఉత్తరంలో ఇంకో వాక్యం మిగిలి ఉంది. అదీ చదివారు.

"చలాన్ పరిష్కారమైనందున మీరు కోరిన ఫొటో ప్రస్తుతం రికార్డులో లేదు."