నెల తప్పిన ఆడపిల్లకు ఇవ్వకూడని సలహాలు

అమెరికాలో ‘క్రైసిస్ ప్రెగ్నెన్సీ సెంటర్’ అని బోర్డులుంటాయి. పరీక్ష ఉచితమంటారు. గర్భస్రావం చేయరు, చేసే చోటికీ పంపరు. అక్కడ చెప్పే మాటల్లో నిజమెంత అని ఏళ్లుగా తగువు నడుస్తోంది. వాటిని కట్టడి చేయబోయిన కాలిఫోర్నియా చట్టానికి అమెరికా సుప్రీంకోర్టు 2018లో అడ్డుపడింది. మన సూర్యాపేట జిల్లా మునగాలలో ఆ బోర్డుతో పని లేదు. వదిన, మేనత్త, ఆర్‌ఎంపీ, మందుల షాపాయన ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. చాలామంది ప్రేమతోనే చెబుతారు, కానీ ఈ కింది మాటలు ప్రాణం మీదికి తెస్తాయి.

1. ‘ఇంకో నెల చూద్దాం.’
చూడొద్దు. డాక్టర్లు వారాలను చివరిసారి బహిష్టయిన మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. నెల తప్పి వారమే అయిందనుకునే పిల్లకు అప్పటికే దాదాపు ఐదు వారాలు. పరువు గురించి ఆలోచిస్తూ గడిపే ప్రతి వారం ఆమెకున్న దారుల్ని తగ్గిస్తుంది.

2. ‘బొప్పాయి, నువ్వులు తింటే పోతుంది.’
వీటిని నమ్ముకుంటే పోయేది కాలమే. పుల్లలు, నాటుమందులు వాడితే గర్భసంచికి చీము పట్టి ప్రాణమే పోవచ్చు.

3. ‘షాపులో గోలీలు తెచ్చుకో, ఎవరికీ తెలియదు.’
ఆ ప్యాకెట్లో ఐదు గోలీలుంటాయి: మిఫెప్రిస్టోన్ ఒకటి, మిసోప్రోస్టోల్ నాలుగు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. తొమ్మిది వారాల లోపు, డాక్టర్ చూశాకే వాడాలి. పిండం గర్భసంచిలో కాక ట్యూబులో ఉంటే ఇవి పనిచేయవు. ట్యూబు పగిలితే లోపలే రక్తస్రావమవుతుంది. గోలీలు వేసుకున్నాక వరుసగా రెండు గంటలు, గంటకు రెండు ప్యాడ్ల చొప్పున తడిసిపోతుంటే వెంటనే దవాఖానకు తీసుకెళ్లండి.

4. ‘భర్త సంతకం లేనిదే చేయరు. పెళ్లి కాకపోతే అసలే చేయరు.’
రెండూ అబద్ధాలే. సమ్మతి పత్రం ఫారం-సి మీద పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ సంతకం ఒక్కటే చాలు. 1971 నాటి గర్భస్రావ చట్టాన్ని 2021లో సవరించారు. దాని ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయం, కొన్ని వర్గాల స్త్రీలకు 24 వారాల వరకు ఇద్దరి అభిప్రాయం కావాలి. పెళ్లికాని స్త్రీలూ ఆ వర్గాల్లోకి వస్తారని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న తేల్చింది. ఆమె వివరాలు బయటపెట్టిన డాక్టరుకు శిక్ష కూడా ఉంది.

5. ‘చిన్నపిల్ల, పోలీసు కేసవుతుంది, దవాఖానకు వద్దు.’
పద్దెనిమిది నిండని పిల్ల అయితే పోక్సో చట్టం కింద డాక్టర్ పోలీసులకు సమాచారమివ్వాలి, నిజమే. అయితే పిల్ల, సంరక్షకులు కోరితే ఆమె పేరు చెప్పనక్కర్లేదని పైన చెప్పిన 2022 తీర్పే చెప్పింది. దాచిపెడితే కాపాడేది నేరం చేసినవాణ్నే.

6. ‘ఒకసారి తీయించుకుంటే ఇక పిల్లలు పుట్టరు, క్యాన్సర్ వస్తుంది.’
అర్హత ఉన్న డాక్టర్ సరిగా చేస్తే పిల్లలు పుట్టే శక్తి పోదు. రొమ్ము క్యాన్సర్‌తో దీనికి సంబంధం లేదు. బెదిరించి కడుపు ఉంచడం, బెదిరించి తీయించడం రెండూ ఒకే తప్పు.

7. ‘కనేసెయ్, అడిగేవాళ్లున్నారు, ఇచ్చేద్దాం.’
ఉమ్మడి నల్లగొండ తండాల్లో పసికందుల అమ్మకాలు 1990ల చివర్లో రచ్చకెక్కాయి. బిడ్డను పెంచలేనని తల్లి అనుకుంటే వెళ్లాల్సింది బాలల సంక్షేమ సమితి దగ్గరికి, బేరగాడి దగ్గరికి కాదు. మనసు మార్చుకోవడానికి చట్టం ఆమెకు రెండు నెలల గడువిస్తుంది.

మరి ఏం చెప్పాలి? ముందు ‘నీకేం కావాలి?’ అని అడగండి. ఆమె చెప్పేది పూర్తిగా వినండి. ఉంచుకుంటానంటే ఆశా కార్యకర్తతో పేరు నమోదు చేయించండి. వద్దంటే కోదాడకో, సూర్యాపేటకో, మిర్యాలగూడకో ప్రభుత్వ దవాఖానకు తోడు వెళ్లండి. హింస ఉంటే 181కు, చిన్నపిల్ల అయితే 1098కు ఫోన్ చేయండి. నిర్ణయం ఆమెది. నిజం చెప్పి తోడు నిలవడం మన బాధ్యత.