రాజీ పెద్దమనుషులకు విన్నపం

ఎక్కడో రెండు దేశాలు తలలు పగలగొట్టుకుంటున్నాయంటే చాలు, ఢిల్లీకి పెద్దరికం గుర్తొస్తుంది. ఇది యుద్ధాల కాలం కాదని 2022 సెప్టెంబరులో సమర్‌ఖండ్‌లో మోదీ పుతిన్‌కు చెప్పారు. 2024 జూలైలో మాస్కోలో ఒక కౌగిలి, ఆగస్టులో కీవ్‌లో ఇంకొకటి. రష్యా చమురు ఓడలు మాత్రం మన తటస్థతకు ఏ ఇబ్బందీ కలిగించకుండా రేవులకు వస్తూనే ఉన్నాయి.

ఈ పెద్దరికం కొత్తదేం కాదు. 1980లో ఇరాక్ ఇరాన్ మీద పడింది. మరుసటి ఏడు అలీన దేశాలు రాజీకి ఒక సంఘం వేశాయి. భారత్, క్యూబా, జాంబియా, పాలస్తీనా విమోచన సంస్థ అందులో సభ్యులు. అప్పటి మన విదేశాంగ మంత్రి పి.వి. నరసింహారావు. సంఘం బాగ్దాద్ వెళ్లింది, టెహ్రాన్ వెళ్లింది. ముందు దురాక్రమణదారు ఎవరో తేల్చమంది ఇరాన్. షత్ అల్ అరబ్ నది నాదేనంది ఇరాక్. చివరికి బాగ్దాద్‌లో జరగాల్సిన అలీన శిఖరాగ్ర సభే 1983లో ఢిల్లీకి మారింది. రాజీ చేయబోయినవాళ్లు తమ సభకే వేరే ఊరు వెతుక్కున్నారు! 1988లో ఇద్దరికీ ఒళ్లు హూనమయ్యాక గానీ కాల్పులు ఆగలేదు.

ఈ సంగతి కర్నూలు కోర్టు గేటు దగ్గరి టీ బంకులో ఎవరినడిగినా చెప్తారు. వాయిదాలకు తిరిగి తిరిగి, వకీలు ఫీజుకు చేను అమ్ముకున్నాక వచ్చిన పెద్దమనిషి దేవుడు. ముందే వస్తే, "నీకేం పనప్పా?"

తటస్థతకు ఖర్చు పెట్టినవాడు మన దగ్గరే ఉండేవాడు. 1991 నవంబరులో ప్రధానిగా పీవీ నంద్యాల ఉప ఎన్నికకు నిలబడితే, తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ పోటీ పెట్టలేదు. పీవీ 5 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. ఏదో ఒకటి వదులుకున్నవాడి మాటకే విలువ. చమురు వదలం, ఆయుధాలు వదలం, పెద్దరికం మాత్రం ఇవ్వండంటే ఎవరిస్తారు?

రాజీ కోసం ఎదురుచూసే తగాదాలు ఇంట్లోనే ఉన్నాయి. కృష్ణా నీళ్ల మీద 2004లో వేసిన ట్రిబ్యునల్‌కు రెండు దశాబ్దాలుగా గడువు మీద గడువు. రాజోలిబండ దగ్గర తుంగభద్ర నీటి తగాదా తెగదు. కె.సి. కెనాల్ చివర కడప రైతు కాలువలోకి తొంగి చూస్తూనే ఉంటాడు.

అయ్యా దౌత్యవేత్తలూ, ఓర్వకల్లులో విమానాశ్రయం కట్టి చాలా రోజులైంది. ఒకసారి దిగండి. కర్ణాటకను, తెలంగాణను, ఆంధ్రను ఒక్క బల్ల ముందు కూర్చోబెట్టి నీటి లెక్క తేల్చండి. అది చేతనైతే కీవ్‌కూ మాస్కోకూ మేమే టికెట్లు తీసిస్తాం.